టీటీ రబ్బర్లు: గ్రిప్, స్పిన్, స్పీడ్ తేడా కనిపెట్టి సరైనది ఎంచుకోవడం, అతికించుకోవడం ఎలా?

"స్పిన్ బాగా పడే రబ్బరు ఒకటి చెప్పండి." టేబుల్ టెన్నిస్ ఆడేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. పేరు చెప్పేయడం తేలిక. ఆ రబ్బరు మీ బ్యాట్ మీదికి వచ్చాక బంతి టేబుల్ దాటిపోతుంటే మాత్రం పేరు ఎంత పెద్దదైనా ఏం లాభం? అందుకే ఇక్కడ పేర్లు తక్కువ, పరీక్షలు ఎక్కువ. చేతిలో ఉన్న రబ్బరు ఏం చేస్తోందో ముందు తేల్చుకుందాం. కొత్తదాని సంగతి ఆ తర్వాత.

రెడీమేడ్ బ్యాట్ పక్కన పెట్టి, బ్లేడు (బ్యాట్ చెక్క), రబ్బర్లు విడివిడిగా కొనుక్కునే దశకు వచ్చినవాళ్ల కోసం రాసింది ఇది. నేర్చుకోవడం మొదలుపెట్టి నెల కూడా కాకపోతే ఇప్పుడే రబ్బర్ల మీద డబ్బు పెట్టకండి.

## 1. రబ్బరును పొరలుగా చూడండి

బ్యాట్ అంచును కంటికి దగ్గరగా పెట్టుకోండి. పైన పల్చటి పొర, దాన్నే టాప్‌షీట్ అంటారు. దానికి అతుక్కుని చిన్న చిన్న బొడిపెలు, అవే పింపుల్స్. కింద స్పాంజి, ఆ కింద చెక్క. పింపుల్స్ స్పాంజి వైపు తిరిగి ఉంటే పైన నున్నగా ఉంటుంది. క్లబ్బుల్లో ఎక్కువమంది ఆడేది దీంతోనే. బయటికి తిరిగి ఉంటే అది పింపుల్స్ రబ్బరు.

ఇక మూడు మాటలు.

- గ్రిప్: బంతి తగిలినప్పుడు టాప్‌షీట్ దాన్ని జారనివ్వకుండా పట్టుకునే గుణం.
- స్పిన్: ఆ పట్టు ఆధారంగా మీ స్వింగ్ బంతిని ఎంత తిప్పిందన్నది. ఇందులో సగం బాధ్యత మీ చేతిదే.
- స్పీడ్: స్పాంజి, చెక్క కలిసి బంతిని ఎంత జోరుగా వెనక్కి తోస్తాయన్నది.

బంతి రబ్బరు మీద ఉండేది సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూ. మెల్లగా తాకితే ఆ కాసేపూ టాప్‌షీట్ ఒక్కటే పని చేస్తుంది. గట్టిగా కొడితే బంతి స్పాంజిలోకి దిగుతుంది. సర్వీసులో గిర్రున తిప్పే రబ్బరు లూప్‌లో (బంతిని ముందుకు గట్టిగా తిప్పుతూ కొట్టే దెబ్బ) చప్పగా ఉండటానికీ, లూప్‌లో అదరగొట్టేది పుష్‌లో (బంతి కింద బ్యాట్ పెట్టి మెల్లగా తోయడం) ఎగిరిపోవడానికీ కారణం ఇదే. ఒకే రబ్బరు మెల్లటి దెబ్బకు ఒకలా, గట్టి దెబ్బకు ఇంకోలా ప్రవర్తిస్తుంది.

అట్టపెట్టె మీద ఉండే "స్పీడ్ 9, స్పిన్ 10" అంకెలు ఆ కంపెనీ తన రబ్బర్లను తనే పోల్చుకోవడానికి వేసుకున్నవి. ఒక కంపెనీ 9ని ఇంకో కంపెనీ 9తో పోల్చి కొనకండి.

## 2. మీ రబ్బరును టేబుల్ దగ్గరే పరీక్షించండి

ముందు శుభ్రం చేయండి. దుమ్ము పట్టిన రబ్బరు ఏ పరీక్షలోనైనా ఓడిపోతుంది. మెత్తటి స్పాంజి ముక్కను నీళ్లలో ముంచి, బాగా పిండి, పిడి దగ్గర్నుంచి కొస దాకా తుడవండి. పూర్తిగా ఆరనివ్వండి.

ఎత్తి చూసే పరీక్ష. బంతిని టేబుల్ మీద పెట్టి, రబ్బరును దాని మీద ఒక్క క్షణం ఆనించి మెల్లగా లేపండి. బంతి అతుక్కుని పైకి వస్తే అది జిగట రబ్బరు. రాకపోతే చెడిపోయిందని కాదు. బటర్‌ఫ్లై కంపెనీ టెనర్జీ 05 లాంటివి కొత్తలో కూడా బంతిని ఇలా ఎత్తవు, అయినా స్పిన్‌కు లోటుండదు.

లాగి చూసే పరీక్ష. నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే. బ్యాట్‌ను టేబుల్ మీద పడుకోబెట్టి, రబ్బరు మధ్యలో బంతి పెట్టి, అరచేత్తో కొంచెం నొక్కుతూ పక్కకు తోయండి. బంతి కింద టాప్‌షీట్ సాగి, కొంచెం మడత పడుతూ వెంట కదిలితే గ్రిప్ ఉన్నట్టు. సర్రున జారితే పోయినట్టు. ఇదే పని పిడి పక్కన, బంతి ఎప్పుడూ తగలని మూల దగ్గర కూడా చేయండి. మూలలో పట్టి, మధ్యలో జారితే ఆ రబ్బరు అరిగిపోయింది. ఇక కడిగినా తిరిగి రాదు.

రెండు దెబ్బల పరీక్ష. బ్యాట్ మీద బంతిని జానెడు ఎత్తు లేచేలా మెల్లగా ఎగరేయండి. తర్వాత గోడకు గట్టిగా కొట్టండి. మెల్లటి దెబ్బకే బంతి ఎగిరెగిరి పడుతుంటే స్పాంజి మెత్తన, లేదా చెక్క వేగం ఎక్కువ. మెల్లగా కొడితే నిద్రపోయి, గట్టిగా కొడితే దూసుకుపోతుంటే స్పాంజి గట్టిది.

సర్వీస్ పరీక్ష. నెట్‌కు దగ్గరగా, పొట్టిగా బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి తిరిగేలా వేసే స్పిన్) సర్వీస్ చేసి అవతల ఎవరూ తాకకుండా వదిలేయండి. రెండో బౌన్స్ తర్వాత బంతి ఆగిపోతుందా, నెట్ వైపు వెనక్కి వస్తుందా, ముందుకే పోతుందా? పదిసార్లు చేసి చూడండి. ఇందులో స్పాంజి పాత్ర చాలా తక్కువ, కనిపించేది టాప్‌షీట్ గ్రిప్, మీ మణికట్టు పనితనమే.

రాసుకోవలసినవి:

☐ ఫోర్‌హ్యాండ్ వైపు మధ్యలో పట్టు, మూలలో పట్టు
☐ బ్యాక్‌హ్యాండ్ వైపు అవే రెండూ
☐ మెల్లటి దెబ్బ, గట్టి దెబ్బ: ఏది ఎలా పోతోంది
☐ నా తప్పులు ఎక్కువగా నెట్‌కా, టేబుల్ దాటా

చివరి గడి అన్నిటికన్నా ముఖ్యం. దాన్ని ఖాళీగా వదిలి ఎవరినీ సలహా అడగకండి.

## 3. ఏ రకం ఏం చేస్తుంది

పాత తరహా నున్నటి రబ్బర్లు. బటర్‌ఫ్లై స్రైవర్, యసాకా మార్క్ వి లాంటివి. గ్రిప్ చాలినంత, స్పీడ్ మధ్యరకం. అన్నిటికీ మించి, మీరు ఎంత కొడితే అంతే పోతుంది. పుష్, బ్లాక్ (వేగంగా వచ్చే బంతికి బ్యాట్ అడ్డం పెట్టడం), లూప్ ఇంకా నేర్చుకుంటున్నవాళ్లకు ఇవి చాలు. "పాతవి" అని చిన్నచూపు చూసేవాళ్ల మాట వినకండి.

గ్రిప్ ఎక్కువ, జిగట లేని రబ్బర్లు. టెనర్జీ 05, యసాకా రక్జా 7, జియోమ్ వేగా వరస ఇలాంటివే. టాప్‌షీట్ బిగువుగా, స్పాంజి స్ప్రింగులా పని చేస్తుంది. సగం స్వింగ్‌తోనే బంతి ఎత్తుగా వంపు తిరిగి అవతల పడుతుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. మీకు వచ్చే స్పిన్‌ను కూడా అంతే గట్టిగా పట్టుకుంటాయి. బ్యాట్ కోణం కొంచెం తప్పినా సర్వీస్ రిటర్న్ పక్కకో, పైకో ఎగిరిపోతుంది.

జిగట రబ్బర్లు. డీహెచ్ఎస్ హరికేన్ 3 అందరికీ తెలిసిన పేరు. పైన జిగట, కింద గట్టి స్పాంజి. సర్వీస్, పొట్టి పుష్ కంట్రోల్‌లో ఉంటాయి, స్పిన్ భారీగా పడుతుంది. లూప్ మాత్రం పూర్తి స్వింగ్‌తో, నడుము తిప్పి, బంతిని స్పాంజిలోకి దించి కొట్టాలి. చేతితో మాత్రమే ఆడేవాళ్లకు బంతి నెట్‌లో పడుతుంది. చైనా ఆటగాళ్లు వాడుతున్నారని కొని, నెల తిరక్కుండా అమ్మకానికి పెట్టేవాళ్లను ప్రతి క్లబ్బులో చూడొచ్చు.

హైబ్రిడ్. బటర్‌ఫ్లై డిగ్నిక్స్ 09సి లాంటివి. కొంచెం జిగట, కింద జోరున్న స్పాంజి. ధర కూడా జోరే. వారానికి రెండు రోజులు ఆడేవాళ్లకు దీని అవసరం ఉందని నేను అనుకోను.

షార్ట్ పింపుల్స్. బంతికి తగిలే మేర తక్కువ కాబట్టి గ్రిప్ తక్కువ, మీరు వేసే స్పిన్ కూడా తక్కువ. లాభం ఏమిటంటే అవతలివాళ్ల స్పిన్ కూడా మిమ్మల్ని అంతగా బాధించదు. టేబుల్‌కు దగ్గరగా నిలబడి బ్లాక్, ఫ్లిక్ (పొట్టి బంతిని మణికట్టుతో కొట్టడం), ఫ్లాట్ దెబ్బలు కొట్టేవాళ్లకు బాగుంటాయి. బంతి అవతల పడ్డాక ఎదుటివాళ్లు అనుకున్నంత లేవదు. ఆ తేడాకే పాయింట్లు వస్తాయి.

లాంగ్ పింపుల్స్. ఇక్కడ లెక్కే వేరు. బంతి తగలగానే పొడవాటి పింపుల్స్ వంగిపోతాయి, బంతిని పట్టి ఉంచవు. దాంతో అది తిరుగుతున్న దిశలోనే తిరుగుతూ వెనక్కి వెళుతుంది. ఎదుటివాళ్లు టాప్‌స్పిన్ (బంతి ముందుకు తిరిగే స్పిన్) వేస్తే వాళ్లకు బ్యాక్‌స్పిన్‌గా తిరిగి వస్తుంది. బ్యాక్‌స్పిన్ పుష్ చేస్తే స్పిన్ లేకుండానో, కాస్త టాప్‌స్పిన్‌తోనో వస్తుంది. వాళ్లు స్పిన్ ఇవ్వకపోతే మీరు పెద్దగా పుట్టించలేరు. స్పాంజి లేని రకాన్ని ఓఎక్స్ అంటారు. టేబుల్ దగ్గర బ్లాక్ చేసేవాళ్లు దాన్ని, వెనక నుంచి చాప్ చేసేవాళ్లు (బ్యాట్‌ను పైనుంచి కిందికి కోసినట్టు ఆడేవాళ్లు) పల్చటి స్పాంజి ఉన్నదాన్ని ఇష్టపడతారు. మన దేశపు క్రీడాకారిణి మనికా బాత్రా బ్యాక్‌హ్యాండ్ ఆట దీనికి మంచి ఉదాహరణ. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల వీడియోలు దొరికితే, ర్యాలీ మధ్యలో ఆమె బ్యాట్ తిప్పి రెండో వైపు రబ్బరును ఎప్పుడు ముందుకు తెస్తోందో గమనించండి.

యాంటీ స్పిన్. చూడ్డానికి నున్నటి రబ్బరే, గ్రిప్ మాత్రం దాదాపు ఉండదు. స్పాంజి మొద్దుగా ఉండి వేగాన్ని మింగేస్తుంది. 2024 ఫిబ్రవరిలో బుసాన్‌లో జరిగిన ప్రపంచ టీమ్ పోటీల్లో అప్పటి ప్రపంచ నంబర్ వన్, చైనా క్రీడాకారిణి సన్ యింగ్షాను మన ఐహికా ముఖర్జీ ఓడించింది యాంటీ రబ్బరు ఉన్న బ్యాట్‌తోనే.

చివరి రెండు రకాలూ షార్ట్‌కట్ కావు. బ్యాట్ తిప్పడం, అడుగులు, ఎదుటివాళ్ల స్పిన్ చదవడం మొత్తం కొత్తగా నేర్చుకోవాలి.

## 4. స్పాంజి మందం, గట్టిదనం చూడండి

మందం సాధారణంగా 1.5, 1.8, 2.0, 2.1 మి.మీ., ఆపైన మ్యాక్స్ అని దొరుకుతాయి. పల్చగా ఉంటే బంతి త్వరగా చెక్కకు తగులుతుంది. బ్లాక్ స్థిరంగా ఉంటుంది, స్పీడ్ తగ్గుతుంది. మందం పెరిగేకొద్దీ గట్టి దెబ్బకు స్పిన్, స్పీడ్ పెరుగుతాయి, చిన్న బంతుల మీద అదుపు తగ్గుతుంది. నియమాల ప్రకారం స్పాంజి రబ్బరు జిగురుతో కలిపి 4.0 మి.మీ. దాటకూడదు.

గట్టిదనం దగ్గర చాలామంది బోల్తా పడతారు. గట్టిదనాన్ని కొలిచే చైనా కంపెనీల డిగ్రీలు వేరు, జర్మనీలో తయారయ్యే రబ్బర్ల డిగ్రీలు వేరు, బటర్‌ఫ్లై కొలత ఇంకో దారి. టెనర్జీ 05కి 36, డిగ్నిక్స్ 05కి 40, 09సికి 44 అని బటర్‌ఫ్లై ఇస్తుంది. జర్మనీ రబ్బరు మీద 47.5 అని, హరికేన్ మీద 39 అని చూసి హరికేన్ మెత్తనిదని కొంటే చేతికి రాయి తగిలినట్టుంటుంది. డిగ్రీలను ఒకే కంపెనీ లోపలే పోల్చండి.

బరువు కూడా చూసుకోవాలి. కోసిన తర్వాత మెత్తటి రబ్బరు 45 గ్రాముల చుట్టుపక్కల, గట్టి జిగట రబ్బరు 50 దాటి ఉంటుంది. రెండు వైపులా గట్టివే వేస్తే బ్యాట్ తల బరువెక్కి, మూడో గేమ్‌కల్లా మణికట్టు మాట వినదు.

## 5. మీ తప్పును బట్టి రబ్బరు ఎంచుకోండి

రెండో భాగంలో రాసుకున్న కాగితం తీయండి. రెండు వైపులకూ ఒకే సమాధానం ఉండనక్కర్లేదు. చాలామందికి ఫోర్‌హ్యాండ్‌లో పెద్ద స్వింగ్, బ్యాక్‌హ్యాండ్‌లో చిన్న స్వింగ్ ఉంటాయి. బ్యాక్‌హ్యాండ్‌కు ఒక మెట్టు మెత్తనిది, కొంచెం పల్చనిది వేస్తే చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి.

- లూప్ టేబుల్ దాటిపోతోంది, బ్లాక్ కూడా దాటిపోతోంది: స్పీడ్ ఎక్కువైంది. మందం 2.1 నుంచి 1.8కి దించండి. అదే రకంలో పల్చనిది దొరికితే ఇంకా మేలు.
- లూప్ బాగుంది, సర్వీస్ రిటర్న్‌లు మాత్రం ఎగురుతున్నాయి: గ్రిప్ మీకు ఎక్కువైంది, లేదా స్పిన్ చదవడం రాలేదు. రెండోదే అయ్యుండే అవకాశం ఎక్కువ. ముందు ఎవరిచేతనైనా అదే సర్వీస్ పదేపదే వేయించుకుని సాధన చేయండి.
- లూప్ నెట్‌కు తగులుతోంది, బంతి బ్యాట్ మీద చచ్చిపడుతోంది: స్పాంజి మీ స్వింగ్‌కు మించి గట్టిగా ఉంది. మెత్తనిది తీసుకోండి.
- బంతి జారుతున్నట్టుంది, సర్వీస్ తిరగట్లేదు: రబ్బరు అరిగింది. రకం మార్చక్కర్లేదు, అదే కొత్తది వేయండి.
- టేబుల్ దగ్గరే ఆడతారు, లూప్‌కన్నా బ్లాక్, కొట్టుడు ఇష్టం: బ్యాక్‌హ్యాండ్‌కు షార్ట్ పింపుల్స్ ప్రయత్నించవచ్చు.

మొదటిసారి విడిగా కొంటుంటే రెండు వైపులా పాత తరహా రబ్బరు, 1.8 లేదా 2.0 మి.మీ., ఐదు పొరల మామూలు చెక్క బ్లేడు. స్కూలు పిల్లలకైనా, నలభై దాటాక మళ్లీ బ్యాట్ పట్టినవాళ్లకైనా నేను చెప్పేది ఇదే.

కొనేముందు:

☐ ఒక్కసారికి ఒక్కటే మార్పు: బ్లేడు గానీ, ఫోర్‌హ్యాండ్ గానీ, బ్యాక్‌హ్యాండ్ గానీ
☐ టోర్నమెంట్ ఆడేవాళ్లయితే రబ్బరు మీద ఐటీటీఎఫ్ (అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య) గుర్తు, ఆమోద సంఖ్య ఉండాలి
☐ ఒక వైపు నలుపు తప్పనిసరి. రెండో వైపు ఎరుపు గానీ, 2021 అక్టోబరు నుంచి అనుమతించిన నీలం, ఆకుపచ్చ, గులాబీ, ఊదా రంగుల్లో ఒకటి గానీ
☐ ప్యాకెట్ సీలు, తయారీదారు హోలోగ్రామ్. పేరున్న రబ్బర్లకు నకిలీలు ఉన్నాయి, సగం ధరకు వస్తుంటే అనుమానించండి
☐ టాప్‌షీట్ మీద మడతలు, గాలి బుడగలు లేవు

## 6. అతికించడం

కొట్టువాళ్లు అతికించి ఇస్తారు. అయినా ఒకసారి స్వయంగా చేసి చూడండి.

కావలసినవి: టీటీ రబ్బర్ల కోసమే అమ్మే నీటి ఆధారిత జిగురు, చిన్న స్పాంజి ముక్క, కొత్త బ్లేడు వేసిన కటర్ లేదా పదునైన పెద్ద కత్తెర, చపాతీ కర్ర, మందపాటి అట్ట, అంచు టేపు.

సైకిల్ పంక్చర్లకు వాడే సొల్యూషన్ జోలికి పోకండి. ఒకప్పుడు దాంతో స్పాంజి ఉబ్బించి ఆడేవాళ్లు. ఆవిరయ్యే ద్రావకాలున్న అలాంటి జిగుర్లను 2008 సెప్టెంబరు నుంచి నిషేధించారు, ఆ ఆవిరి పీల్చడం ఒంటికి మంచిది కూడా కాదు. వడ్రంగులు వాడే తెల్ల జిగురు కూడా వద్దు. ఎండాక రాయిలా బిగుస్తుంది, రబ్బరు మళ్లీ ఊడదు.

మొదటి మెట్టు: పాతది తీయడం. పిడి దగ్గర ఒక మూల గోటితో లేపి, ఐమూలగా, మెల్లగా, బ్లేడుకు ఆనించినట్టే లాగండి. నిటారుగా పైకి గుంజితే చెక్క పీచు లేచిపోతుంది. మిగిలిన జిగురును బొటనవేలితో రుద్దితే ఉండలు ఉండలుగా వస్తుంది. కత్తితో గీకకండి.

రెండో మెట్టు: బ్లేడు సిద్ధం చేయడం. వేలితో నిమిరితే పీచు తగులుతుంటే చెక్కకు పల్చగా ఒక పూత వార్నిష్ వేసి ఒక రోజు ఆరబెట్టండి. మందంగా వేస్తే బ్లేడు గుణమే మారిపోతుంది.

మూడో మెట్టు: జిగురు రాయడం. ఒక చెంచాడు జిగురు రబ్బరు స్పాంజి వైపు పోసి, చిన్న స్పాంజి ముక్కతో ఒకే దిశలో, పల్చగా పరచండి. పాల రంగులో ఉన్న జిగురు ఆరేకొద్దీ పారదర్శకంగా మారుతుంది. ఎక్కడా తెలుపు కనబడకుండా ఆరాకే రెండో పూత. చెక్కకు ఒక పూత చాలు. తడికి రబ్బరు చాపలా చుట్టుకుంటుంది, కంగారు పడకండి, ఆరితే సర్దుకుంటుంది. ఎండాకాలంలో పావుగంటలో ఆరేది వానాకాలంలో, సముద్రం పక్క ఊళ్లలో గంట తీసుకోవచ్చు. గడియారం చూడకండి, రంగు చూడండి. హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి వద్దు.

నాలుగో మెట్టు: పరచడం. అతి ముఖ్యమైన మెట్టు ఇదే. రెండు ఎండిన పూతలు తాకాయంటే పట్టేసుకుంటాయి. సర్దే అవకాశం ఒక్కసారే. ఐటీటీఎఫ్ గుర్తు పిడి వైపు, పూర్తిగా కనిపించేలా ఉండాలి. రబ్బరు కింది అంచును పిడి మొదలు దగ్గర గీతకు ఆనించి, మిగతా భాగాన్ని గాల్లోనే పట్టుకోండి. అక్కడి నుంచి కొస వైపు మెల్లగా వాలుస్తూ, వెనకాలే చపాతీ కర్రతో దొర్లించండి. లాగకూడదు. సాగదీసి అతికిస్తే నాలుగు రోజుల్లో అంచుల దగ్గర లోపలికి ముడుచుకుంటుంది.

ఐదో మెట్టు: బరువు. బ్యాట్‌ను శుభ్రమైన కాగితాల మధ్య పెట్టి పైన నాలుగు లావు పుస్తకాలు పెట్టండి. అరగంట.

ఆరో మెట్టు: కోయడం. రబ్బరు కిందికి వచ్చేలా అట్ట మీద పెట్టి, ఒక చేత్తో బ్లేడును అదిమి పట్టి, చెక్క అంచు వెంబడి కటర్ నడపండి. ఆగి ఆగి కోస్తే స్పాంజి మెట్లు మెట్లుగా వస్తుంది. పదును లేని కటర్‌తో స్పాంజి చిరిగిపోతుంది. పది రూపాయల దగ్గర కక్కుర్తి పడకండి. రబ్బరు బ్లేడు అంచుకు సరిగ్గా సరిపోవాలి, బయటికి రాకూడదు.

ఏడో మెట్టు: అంచు టేపు. స్పాంజిని, చెక్కను కప్పేలా ఒక చుట్టు. టేబుల్‌కు బ్యాట్ తగిలే అలవాటున్నవాళ్లకు ఇది తప్పనిసరి.

ఓఎక్స్ లాంగ్ పింపుల్స్‌కు ద్రవ జిగురు రాస్తే ఎగుడుదిగుడుగా వస్తుంది. రెండు వైపులా అంటుకునే పల్చటి జిగురు షీటు విడిగా దొరుకుతుంది, అది వాడండి.

తేడా వస్తే:

- బుడగ పెద్దదైతే సూదితో పొడవకండి. ఆ వైపు నుంచి బుడగ దాకా మెల్లగా ఊడదీసి, మళ్లీ దొర్లించండి.
- వంకరగా పడితే మొత్తం తీసి, పాత పూత రుద్దేసి, మొదటి నుంచి చేయండి. సగంలో గుంజి సరిచేస్తే సాగిపోతుంది.
- అంచు లేస్తుంటే అక్కడ మాత్రం కొంచెం జిగురు రాసి, ఆరనిచ్చి, నొక్కి, టేపు వేయండి.

స్పాంజి ఉబ్బించే నూనెలు, బూస్టర్ల గురించి అడిగేవాళ్లకు: ఆమోదం పొందిన రబ్బరుకు భౌతికంగా గానీ రసాయనికంగా గానీ ఏ మార్పూ చేయకూడదన్నది నియమం. పైగా దాని ప్రభావం తగ్గాక రబ్బరు కుంచించుకుపోతుంది.

## 7. కొత్త రబ్బరును అలవాటు చేసుకునే క్రమం

మొదటి రోజే మ్యాచ్ ఆడకండి. ఓడిపోతే తప్పు రబ్బరు మీదికి పోతుంది.

మొదట ఫోర్‌హ్యాండ్ కౌంటర్, బ్యాక్‌హ్యాండ్ కౌంటర్ (వచ్చిన బంతిని మామూలుగా తిరిగి కొట్టడం) మెల్లగా ఆడి కోణం పట్టుకోండి. తర్వాత బ్లాక్: తోడు ఆటగాడిని లూప్ వేయమని, మీరు బ్యాట్ కదపకుండా ఆనించండి. పైకి లేస్తుంటే బ్యాట్‌ను కొంచెం మూయండి. ఆ తర్వాత పుష్, పొట్టి బంతులు. లూప్ చివర. చాలామంది లూప్‌తో మొదలుపెట్టి "అదిరింది" అని కొనేస్తారు. మ్యాచ్‌లో పాయింట్లు పోయేది మాత్రం పుష్‌లో, సర్వీస్ రిటర్న్‌లో.

రెండు వారాలు ఆడాక మళ్లీ ఆ నాలుగు పరీక్షలు చేసి పాత కాగితంతో పోల్చండి.

## 8. గ్రిప్ నిలబెట్టుకోవడం

- ఆట అయిన వెంటనే తడి స్పాంజితో తుడిచి, ఆరాక పైన ప్లాస్టిక్ షీటు వేయండి. సబ్బు, స్పిరిట్, శానిటైజర్ వద్దు.
- రబ్బరు మీద వేళ్లు పెట్టకండి. జిడ్డు గ్రిప్‌కు శత్రువు. అరచేత్తో రబ్బరు తుడుచుకునే అలవాటు చాలామందికి ఉంది, అది మానండి.
- స్కూటర్ డిక్కీలో, ఎండలో ఆపిన కారులో బ్యాట్ వదిలేయకండి. మన వేసవికి టాప్‌షీట్ ఎండిపోతుంది, జిగురు వదిలేస్తుంది.
- విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో, వానాకాలం ఎక్కడైనా, బంతి ఒక్కసారిగా జారడం మొదలైతే రబ్బరు పోయిందనుకోకండి. బంతిని, బ్యాట్‌ను పొడి బట్టతో తుడిచి చూడండి. జిగట రబ్బర్లకు ఈ బాధ ఎక్కువ.
- పింపుల్స్ మధ్య దుమ్ముకు మెత్తటి పొడి టూత్‌బ్రష్. మొదళ్ల దగ్గర చీలికలు కనిపిస్తే మార్చే సమయం దగ్గరపడింది.

రోజూ ఆడేవాళ్లకు జోరున్న రబ్బరు కొన్ని నెలలే వస్తుంది. వారానికి రెండు మూడు రోజులు ఆడేవాళ్లు తేదీ చూసి మార్చకండి. నెలకోసారి లాగి చూసే పరీక్ష చేసి, జారినప్పుడే మార్చండి.

## 9. ఎదుటివాళ్ల బ్యాట్ చదవడం

మ్యాచ్ మొదలయ్యే ముందు ఎదుటివాళ్ల బ్యాట్ అడిగి చూసే హక్కు మీకుంది. మొహమాటపడకండి. పిడి పట్టుకోండి, రబ్బరు మీద వేళ్లు పెట్టకండి.

☐ పింపుల్స్ బయటికి ఉన్నాయా? ఏ రంగు వైపు?
☐ పొట్టిగా, లావుగా ఉన్నాయా, పొడవుగా, సన్నగా ఉన్నాయా?
☐ నున్నటిదైతే దీపం కింద వాల్చి చూడండి. మెరుపు లేకుండా మొద్దుగా ఉండి, మీద పేరు కూడా తెలియనిదైతే యాంటీ కావచ్చు. మీద ముద్రించిన పేరు చదవండి, అందులోనే జవాబు ఉంటుంది.

తర్వాత రంగు గుర్తుపెట్టుకోండి. "నలుపు పింపుల్స్, ఎరుపు మామూలు" అని మనసులో ఒకసారి అనుకోండి. వాళ్లు బ్యాట్ తిప్పితే రంగే మీకు చెబుతుంది.

లాంగ్ పింపుల్స్ మీదికి మొదటి నాలుగు సర్వీసులు ఇలా వేయండి: ఒకటి స్పిన్ లేకుండా, ఒకటి బరువైన బ్యాక్‌స్పిన్, ఒకటి సైడ్‌స్పిన్, మళ్లీ స్పిన్ లేకుండా. ఏది ఎలా తిరిగి వస్తుందో చూడండి. స్పిన్ లేని బంతి దాదాపు అలాగే వస్తుంది, దాన్ని ధైర్యంగా కొట్టవచ్చు. బరువైన బ్యాక్‌స్పిన్ తేలికగా, కాస్త ఎత్తుగా వస్తుంది. దాన్ని మళ్లీ పుష్ చేస్తే పైకి లేస్తుంది, బ్యాట్ మూసి కొట్టండి. మీ గట్టి లూప్ బ్లాక్ అయి బ్యాక్‌స్పిన్‌తో వస్తుంది. రెండో లూప్ కూడా అదే ఊపులో వేస్తే నెట్‌లోకే. ఒక పుష్ పెట్టండి, లేదా కింది నుంచి పైకి మెల్లగా ఎత్తండి.

బంతి గాల్లో ఉండగా దాని మీద ముద్ర స్పష్టంగా కనబడుతోందంటే స్పిన్ లేదు. చెరిగిపోయినట్టు కనబడితే ఉంది. ఈ ఒక్కటీ ముందు ప్రాక్టీసులో చూడటం అలవాటు చేసుకోండి, మ్యాచ్‌లో వెతుక్కునేంత టైమ్ ఉండదు.